మబ్బు కాసిన కాపలా

కాస్త ఇటు జరగండి, కాళ్లు చాపుకోవాలి. పొద్దుటినుంచీ ఒకటే చాకిరీ, నడుం పడిపోయింది. అయినా కథ చెప్పందే మీరు వదలరు కదా! సరే, చెబుతాను. మధ్యలో ప్రశ్నలు వేయొద్దు. ఊఁ కొట్టడం ఒక్కటే మీ పని.

అనగనగనగా, మనకు కనిపించే కొండలన్నీ దాటి పోతే ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ధీరకేతుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రతాపుడు, నడిపివాడు ప్రచండుడు, చిన్నవాడు నందనుడు. ఆ రాజ్యంలో పాడి ఉంది, పంట ఉంది, గాదెల నిండా జొన్నలున్నాయి. నిద్ర ఒక్కటే లేదు.

లేకపోవడమేమిటి, ఉండేది. ఎత్తుకుపోయారు. ఏడు సముద్రాల అవతల వక్రజటుడని ఒక మాంత్రికుడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకను ఎవడు పట్టుకుపోతాడో, ఎవడు మెడ విరుస్తాడో అని వాడికి నూరేళ్లుగా కంటిమీద కునుకు లేదు. ఇక తాళలేక ఒకనాడు గాలిమీద వచ్చి, ఈ రాజ్యంలో వాళ్ల నిద్రంతా ఒక సొరకాయ బుర్రలో పట్టుకుని పోయాడు. పూటకో గుక్క తాగితే తనకూ నిద్ర పడుతుందని వాడి ఆశ. కానీ ఎంత తాగినా, లోపలి భయం పోతేగా కునుకు పట్టడానికి!

అప్పటినుంచీ ఇక్కడ ఎవరికీ నిద్ర లేదు. మంగలి గడ్డం గీయబోయి చెంప గీసేవాడు. వంటవాడు పాయసంలో ఉప్పు పోసేవాడు. పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి, ఏడవడానికీ ఓపిక లేక ఊరికే చూస్తూ ఉండేవాళ్లు. వాళ్లను ఎత్తుకున్న తల్లులూ అంతే. పాపం, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

రాజు మంచం పట్టాడు. వైద్యుడు నాడి చూసి పెదవి విరిచాడు.

"ఆరు నెలల్లో నిద్ర పట్టకపోతే మహారాజు దక్కరు. ఆ చిలకను చంపడం తప్ప వేరే దారి లేదు. చిలక ఉన్న కొండ చుట్టూ మాంత్రికుడి తోడేళ్లు తిరుగుతుంటాయి. వాటికి కత్తులంటే లెక్కలేదు. గొర్రెల మందకుక్క ఎదురు నిలిస్తేనే తగ్గుతాయి," అన్నాడు.

రాజ్యం పొలిమేరలో గొర్రెలు కాసుకునే బీరవ్వ ఉండేది. పెళ్లీడు పిల్ల, తల్లీ తండ్రీ లేరు, మాట మాత్రం చురుకు. ఆమె దగ్గర మూడు మందకుక్కలుండేవి. ఒక్కొక్కటీ దూడంత ఉండేది. ఒళ్లంతా తెల్లటి దట్టమైన బొచ్చు. వాటి తాతముత్తాతలు మంచుకొండల దగ్గరివట. ఉన్ని బేరగాళ్ల మందల వెంట నడుచుకుంటూ ఇంతదూరం వచ్చాయట.

మొదట ప్రతాపుడు వెళ్లాడు. మూడింటిలో పెద్ద కోరలున్న కుక్కను ఎంచుకుని, మెడకు బంగారు గొలుసు వేసి లాక్కుపోయాడు. బీరవ్వ చెబుతున్న మాట చెవిన పెట్టలేదు. దారిలో ఒక తోడేలు కనబడగానే "ఊఁ, పట్టు!" అని ఉసికొల్పాడు. కుక్క కూచుంది. మళ్లీ ఉసికొల్పాడు. కుక్క పడుకుంది. అతను కొరడా తీశాడు. కుక్క లేచి, గొలుసు తెంపుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ తన గొర్రెల దగ్గరికి వచ్చేసింది. దాని వెనకే రాజకుమారుడూ వచ్చాడు. రెండు నెలలు గడిచిపోయాయి.

తర్వాత ప్రచండుడు వెళ్లాడు. ఇతను చెడ్డవాడు కాదు, ప్రేమే ఎక్కువ. ఎండలో రొప్పుతోందని కుక్క బొచ్చంతా కత్తిరించేశాడు. ఆ బొచ్చే దానికి చలికి కంబళి, ఎండకు గొడుగు. అది పోయేసరికి ఒళ్లంతా బొబ్బలెక్కింది. అయ్యో అనుకుని గంపెడు మాంసం ఒక్కసారే పెట్టి, తిన్న వెంటనే గుర్రం వెంట పరుగెత్తించాడు. కుక్క పొట్ట డోలులా ఉబ్బి కింద పడింది. బండిమీద వేసుకుని తెస్తే, బీరవ్వ మూడు రోజులు దాని పక్కనే కూచుని ఎట్లాగో బతికించింది. ఇంకో రెండు నెలలూ పోయాయి.

మిగిలింది రెండు నెలలు. అప్పుడు నందనుడు వచ్చాడు. కళ్లు గుంటలు పడి, మనిషి తూలిపోతున్నాడు. వచ్చి, ఏమీ అడక్కుండా దొడ్డి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"నీకేం గావాలె?" అంది బీరవ్వ.

"కుక్క కావాలి. కానీ దానికేం కావాలో ముందు నువ్వు చెప్పు."

బీరవ్వ అతన్ని అప్పుడు సరిగ్గా చూసింది. "మీ అన్నలు గీ మాట అడిగుంటే నా కుక్కలు మంచిగుండేటియి. ఒకటి ఇగ ఎవ్వరెంటా పోదు, ఒకటి ఇంకా కోలుకోలే. ఇగ మిగిలింది ముసల్ది. మబ్బు దాని పేరు. తుంటి కీళ్లు నొస్తయి, ఉరకలేదు. కొండొకటి ఎక్కినంక కూసోనియ్యాలె."

"కూచోనిస్తాను."

"కట్టెయ్యొద్దు. బొచ్చు గొరగొద్దు, దువ్వాలె. చెవుల్ల పిడుదులు చూడాలె. జొన్నరవ్వతోటి గటక కాచి రెండు పూటల కొంచెం కొంచెం పెట్టాలె. ఇంగొకటి. కండ్లు తెరవకముందే కూనను తెచ్చి గొర్రెల నడుమ ఏస్తం మేము. గొర్రెపాలు తాగి పెరుగుతది. గొర్రెలే దాని అక్కచెల్లెండ్లు. అవి లేంది కాపల కాయదు. మూడు గొర్రెల్ని తోలుకపో."

చూసినవాళ్లంతా నవ్వారు. రాజకుమారుడు గుర్రం మీద పోవాలి కానీ, గొర్రెల్ని తోలుకుంటూ మాంత్రికుడి మీదికి పోతాడా! నందనుడికి సిగ్గుపడే ఓపిక కూడా లేదు. మూడు గొర్రెలు, ముసలి కుక్క, సంచిలో జొన్నరవ్వ. అంతే, బయల్దేరాడు.

గొర్రె నడిచినంత వేగంగా నడిచారు. ఓడల్లో ఏడు సముద్రాలు దాటారు. గొర్రెలకు వాంతులయ్యాయి, నందనుడికీ అయ్యాయి. దిగిన చోటల్లా అతను మబ్బు బొచ్చులో పల్లేరుకాయలు ఏరేవాడు, తుంటికి ఆముదం రాసేవాడు. ఆ కాలంలో జంతువులు మాట్లాడేవి. మబ్బు కూడా మాట్లాడేది, కానీ పొదుపుగా.

"మబ్బూ, కాస్త తొందరగా నడవలేవా? నాన్నగారు..." అని అతను తొందరపెడితే, "కూచో. ఆయాసం తీరనీ. నాదీ, నీదీ," అనేది.

రెండు నెలల్లో ఇక మూడు రోజులే ఉన్నాయనగా కొండ దగ్గరికి చేరారు. పన్నెండు తోడేళ్లు చుట్టుముట్టాయి.

"తరుము మబ్బూ!" అన్నాడు నందనుడు.

"తరమను. నేను వాటి వెంట పోతే వెనక వీళ్లను ఎవరు చూస్తారు?" అని మబ్బు గొర్రెలకు ముందు నిలబడి, ఒక్కసారి మొరిగింది. కొండ అదిరింది. తోడేళ్లు అటు తిరిగాయి, మబ్బు అటు తిరిగింది. ఇటు వచ్చాయి, ఇటు నిలబడింది. ఇది పారిపోదు, వెంటపడదు, అలిసిపోదు. దీనితో ఎక్కడ వేగుతామని తోడేళ్లే విసుగెత్తి పొదల్లోకి పోయాయి.

కొండమీద గుహ. మాంత్రికుడు కళ్లమీద చన్నీళ్లు కొట్టుకోవడానికి ఊటదగ్గరికి పోయాడు. నందనుడు పంజరాన్ని బయట గొర్రెల దగ్గరికి తెచ్చి, తెరిచి చిలకను పట్టుకున్నాడు. ఏం చిలక అది! నూరేళ్లుగా బయటికి రాక ఈకలూడి, చలికి వణుకుతోంది. మెడమీద వేలు పెట్టాడు గానీ చెయ్యి రాలేదు. ఆ క్షణంలో చిలక జారి గొర్రెల మధ్య పడింది. ఒక గొర్రె దాన్ని వాసన చూసి పక్కనే పడుకుంది. మబ్బు వచ్చి, చిలకను నాకి, రెండు ముందుకాళ్ల మధ్య పెట్టుకుంది.

నందనుడు చెయ్యి చాపితే గుర్రుమంది.

"మబ్బూ, నేను!"

"నువ్వైనా అంతే. ఇది మందలో పడుకుంది. ఇక ఇది నా మందది."

నందనుడు నేలమీద కూలబడి ఏడ్చాడు. ఇంతదూరం వచ్చి, నాన్న ప్రాణం దక్కించుకోలేక, తన కుక్కే తనకు అడ్డం!

అంతలో మాంత్రికుడు వచ్చాడు. చిలకను చూసి కెవ్వున అరిచాడు. తోడేలై మీదికి వచ్చాడు. మబ్బు కోరలు చూపింది, ఆగిపోయాడు. వేడివేడి మాంసం పళ్లెమై ముందు నిలిచాడు. మబ్బు బీరవ్వ గటకే తింటుంది, పరాయివాళ్ల కూడు ముట్టదు. చివరికి నిప్పై చుట్టూ రగిలాడు. బొచ్చు కొసలు కాలినా మబ్బు కదల్లేదు, చిలకను పొట్ట కిందికి లాక్కుంది. మాంత్రికుడు మళ్లీ మనిషై, తూలుతూ నిలబడ్డాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"దాన్ని చంపేస్తారా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"నేనుండగా ఎవరూ చంపరు," అంది మబ్బు.

"పులి వస్తే?"

"రానీ."

"ఈ రాజకొడుకు?"

"ఇప్పుడే అడిగాడు. ఇవ్వలేదు."

"మరి... నేను కన్ను మూస్తే?"

"మూసుకో. నేను చూస్తుంటాను."

నూరేళ్లలో ఆ మాట వాడితో అన్నవాళ్లు లేరు. వాడు మబ్బువైపు చాలాసేపు చూశాడు. ఆవలించాడు. ఎండలో, బండమీద, అక్కడికక్కడే ఒరిగి గురకపెట్టాడు. నడుముకు వేలాడుతున్న సొరకాయ బుర్ర జారి, దొర్లి మూత ఊడింది. లోపలి నిద్ర పొగలా లేచి, ఏడు సముద్రాలూ దాటుకుంటూ ఇంటికి పోయింది. అక్కడ ధీరకేతుడు "నీళ్లు..." అనబోయి, "నీ" దగ్గరే నిద్రపోయాడు. తల్లులు పడుకున్నారు, పసివాళ్లు పడుకున్నారు. ఇక్కడ నందనుడు మబ్బు వీపుమీద తలపెట్టి పడుకున్నాడు. మేలుకుని ఉన్నది ఒక్క మబ్బే.

నందనుడు తిరిగి వచ్చేసరికి రాజు లేచి కూచుని జావ తాగుతున్నాడు. చిలక గొర్రెవీపు మీద కూచుని వచ్చింది. మబ్బు దాన్ని వదిలితేగా! నందనుడు బీరవ్వను పెళ్లాడాడు. మూడుసార్లు ముహూర్తం తప్పింది, ఎందుకంటే పురోహితుడు లేవలేదు. రాజ్యమంతా బాకీ నిద్ర తీర్చుకుంటోంది మరి. తర్వాత ఇద్దరూ చల్లగా చాలాకాలం ఏలారు. దొడ్డి మాత్రం కోట లోపలికే వచ్చింది.

కానీ పెద్ద కుక్కలకు ఆయుష్షు చిన్నదమ్మా. పది పన్నెండేళ్లు, అంతే. మబ్బుకు వెనక కాళ్లు లేవడం మానేశాయి. బీరవ్వ మెత్తగా గడ్డి పరిచేది, నందనుడు తుంటికి ఆముదం రాసేవాడు. ఎంత చెప్పినా అది తల వాల్చేది కాదు. చిలకవైపు, గొర్రెలవైపు చూస్తూనే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరో ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. వక్రజటుడే. కడుపునిండా నిద్రపోయి లేచాడు, కళ్లు తేటగా ఉన్నాయి. చిలకను తీసుకోలేదు. మబ్బు పక్కన నేలమీద కూచుని, అప్పుడు బొచ్చు కాలిన చోట చెయ్యి వేశాడు.

"మబ్బూ, ఇక నువ్వు పడుకో. నేను చూస్తుంటాను," అన్నాడు.

మబ్బు అతన్ని వాసన చూసింది. గొర్రెల్ని ఒకసారి చూసుకుంది. ముక్కు కాళ్లమీద పెట్టి కళ్లు మూసుకుంది. తర్వాత లేచిందా అని అడక్కండి, నాకు చెప్పడం చేతకాదు. వక్రజటుడు మాత్రం బతికినన్నాళ్లూ ఆ మందను కాశాడు.

కథ దొడ్డికి చేరింది, తడిక తలుపు వేశాం. మీరూ కాసేపు కళ్లు మూసుకోండి. నాకెట్లాగూ నిద్ర పట్టదు, నేను చూస్తుంటాను.