అంచున నిలబడ్డ పోలమ్మ

ఎవరేమడిగినా కూర్మారావు మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. శ్రీకాకుళంలో ఆయన దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న జగన్నాయకులు ఒకనాడు, మన కంటపడని దానికి కూడా మనం జవాబుదారులం అవుతామా అని అడిగాడు. మాస్టారు బీరువాలోంచి ఒక పాత లెన్సు తీసి అతని చేతిలో పెట్టారు. ఫోకసు చేత్తో తిప్పుకోవలసిన రకం. మూలన నిలబడి తీసినా గదంతా పట్టేంత వెడల్పైన చూపు దానిది. కన్ను ఆనించి చూసే కెమెరా కిటికీలో అంత వెడల్పు కనబడదని, పైన వేరే చూపుటద్దం బిగించుకోవాలని చెప్పి, తుఫానుకు దెబ్బతిన్న రేవు పల్లెకు పంపారు.

అక్కడ బడి వరండాలో తుఫాను బాధితులకు అన్నం పెడుతున్నారు. తొందరలో జగన్నాయకులు ఆ అద్దాన్ని సంచిలోనే వదిలేసి, తింటూ నవ్వుతున్న పిల్లల వైపు కెమెరా ఎత్తాడు. అతని పక్కనే, అన్నం కోసం పళ్లెం పట్టుకుని పోలమ్మ నిలబడి ఉంది. రేవులో భోజనాల కొట్టు నడిపిన మనిషి; కొట్టు గాలికి కొట్టుకుపోయింది.

"నన్ను తియ్యకు బాబూ. నా చేతి కూడు తిన్నోళ్లు చూస్తారు," అంది.

"మీరు ఇందులో పడరమ్మా," అని, కెమెరా కిటికీ నుంచి కన్ను తియ్యకుండానే అతను మీట నొక్కాడు.

తుఫాను బాధితుల కోసం పట్నంలో పెట్టిన ప్రదర్శనలో ఆ ఫొటోను పెద్దది చేసి తగిలించారు. వచ్చినవాళ్లంతా పిల్లల నవ్వును మెచ్చుకున్నారు. అతనూ ఆ నవ్వునే చూసుకున్నాడు. సాయంత్రం పల్లెవాళ్లతో పాటు పోలమ్మ వచ్చింది. ఫొటో దగ్గరికి రాగానే వాళ్ల చూపు పిల్లల మీంచి పక్కకు జరిగింది. ఒక అంచున, లెన్సు సాగదీసిన ముఖంతో, పళ్లేన్ని గుండెకు అదుముకుని ఆమె ఉంది. ఏళ్ల తరబడి ఆమె దగ్గర తిన్న జాలరి ఒకడు తల దించుకుని బయటికి నడిచాడు.

జగన్నాయకులు ఆమె దగ్గరికి వెళ్లాడు. చేతులు జోడించి, చూసుకోలేదమ్మా అన్నాడు.

ఆమె కోప్పడలేదు. "చూడకుండానే మాటిచ్చీసావా బాబూ?" అంది.

అందరి ముందూ అతను ఆ ఫొటోను గోడ మీంచి దించి, నెగటివుతో సహా ఆమెకు ఇచ్చేశాడు. ఆమె అతని ముఖం చూడకుండా అందుకుని వెళ్లిపోయింది.

లెన్సు తిరిగి ఇవ్వడానికి మాస్టారి దగ్గరికి వచ్చినప్పుడు అతను తలెత్తలేకపోయాడు. పైన ఆ అద్దం బిగించుకుని ఉంటే ఆమె కనబడేదని గొణిగాడు.

"అద్దం సంగతి సరే," అన్నారు మాస్టారు. "ఆవిడ నీ పక్కనే నిలబడి మాట్లాడింది కదా, నాయనా."