ఓడినవాడి సాక్ష్యం

కొండ కింద వాగు ఒడ్డున, పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్ పక్కన ఒక దొడ్డి ఉంది. చుట్టూ ముళ్ళకంచె. ముందు వాకిలి, వెనక ఒక కంత. వాకిట్లో పొట్టేలు గంగులు పడుకునేవాడు, కంత దగ్గర గాడిద పుల్లయ్య నిలబడేవాడు. ఇద్దరూ కుస్తీలో ఛాంపియన్లే.

ఆ దొడ్డి కుస్తీకి ఒక పద్ధతి ఉంది. కోతలయ్యాక ఖాళీగా పడుండే కళ్ళమే గోదా, అవసరమైతే వాకిలీ కంతా కూడా. కొమ్ముతో కుమ్మొచ్చు, కాలితో తన్నొచ్చు, పంటితో పట్టొచ్చు, మీద పడి అణిచెయ్యొచ్చు. అన్నీ చెల్లుతాయి. చెల్లనిది గెలిచినవాడి మాటొక్కటే. ఎవరు గెలిచారో ఓడినవాడు దొడ్డిలోకి వచ్చి తన నోటితో చెప్పాలి. అలా సాక్ష్యం చెప్పేవాడు ఎవడైనా సరే, ఆ పూటకి అతిథి. వాడి మీద కాలెత్తకూడదు. గెలిచినవాళ్ళు కోతలు కోస్తారని పెద్దలు పెట్టిన నియమం ఇది. మంచి నియమమే. పెట్టేటప్పుడు వాళ్ళకి నక్క గుర్తుకు రాలేదు, అంతే.

గంగులూ పుల్లయ్యా ఒకరితో ఒకరు ఎప్పుడూ తలపడలేదు. బరువులు వేరు, పైగా అవసరం రాలేదు. ఒకరోజు గట్టు మీద మేస్తున్న మేకని కంచె అవతల నుంచి నక్క పలకరించేదాకా ఆ సంగతి ఎవరికీ లోటుగా తోచలేదు.

"మేకమ్మా, మీ దొడ్డిలో అసలు ఛాంపియన్ ఎవరు?"

"ఇద్దరూ."

"ఇద్దరుంటే ఒక్కడూ లేనట్టే కదా," అని నక్క తన దారిన తను పోయింది.

మధ్యాహ్నానికి దొడ్డి రెండుగా చీలింది.

"మా గంగులు కొట్టని పొట్టేలు ఈ చుట్టుపక్కల లేదు," అంది మేక. "ఆంబోతుతో తలపడ్డాడు."

"తలపడి ఓడాడు," అంది బాతు.

"ఓడితే ఏం? లేచి నిలబడ్డాడు. మీ పుల్లయ్య ఎవర్ని కొట్టాడు? నాలుగు ఊరకుక్కలు, ఒక అడవిపంది. అది కూడా ఇప్పపూలు తిని తూలుతున్న పంది."

"తూలినా పంది పందే. మా పుల్లయ్య ఇంతవరకూ ఓడలేదు."

"ఓడేంత గట్టివాడితో ఆడితే కదా ఓడేది!"

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. మీవాడు ఒక కుర్ర పొట్టేలు చేతిలో దొర్లిన రోజు నేను అక్కడే ఉన్నా."

"మరుసటేడు వాణ్ణే దొర్లించాడు. ఆ రోజు ఎక్కడున్నావ్? బురదలోనా?"

ఛాంపియన్లు ఇదంతా పట్టించుకోనట్టే ఉన్నారు. కాకపోతే గంగులు పడుకోవడం మానేసి తల పైకెత్తి కూర్చున్నాడు. పుల్లయ్య ఊరికే గాలిలోకి రెండు తన్నులు తన్నాడు.

పెద్దరికం గేదె గౌరమ్మది. ఆవిడ నెమరు ఆపకుండా అంది: "ఇద్దరి చేతిలోనూ ఓడినవాడు ఎవడైనా ఉంటే చెప్పండి. వాడొస్తే తేలిపోతుంది."

కాకికి దొడ్డి కుస్తీలన్నీ నోటికి వచ్చు. "ఒక్కడే ఉన్నాడు," అంది. "నక్క."

అలా నక్కకి కబురు వెళ్ళింది. దూరంలో లేదు. తుమ్మచెట్టు కిందే కూర్చుని ఉంది, పిలుపు కోసం ఎదురు చూస్తున్నట్టు.

కోడిపెట్ట సూరమ్మ మాత్రం అడ్డం పడింది. బ్యారన్ గోడ వారన గంప కింద దాని పిల్లలున్నాయి, ఇంకా రెక్కలు రానివి. "గేదెత్తా, పిట్టా పిట్టా పోరు పిల్లి తీర్చినట్టుంది మీ తీరు. వాడు ఓడింది ఎందుకొచ్చి? నా పిల్లల కోసం వచ్చి కాదూ?"

"నిజమేనే. కానీ నియమం నియమమే. ఓడినవాడు వస్తానంటే కాదనకూడదు."

"పిల్లలు మీవైతే తెలిసేది."

"ఊరుకోవే. ఇద్దరు ఛాంపియన్లూ ఇక్కడే ఉంటారుగా," అంది గౌరమ్మ.

నక్క వాకిట్లోంచి తలవంచుకుని వచ్చింది. గంగులు పక్కకి జరిగి దారిచ్చాడు. వాకిట్లోంచి నక్కని లోపలికి రానివ్వడం అతనికి అదే మొదటిసారి. అతిథి మర్యాదగా బాతు తన గుడ్డు ఒకటి తెచ్చి పెట్టింది. నక్క దాన్ని నిదానంగా తిని, మూతి తుడుచుకుని, గంపకి దగ్గరగా చోటు చూసుకుని కూర్చుంది.

"నీడ బాగుంది," అంది.

"చెప్పు," అంది గౌరమ్మ. "ఎవరి చేతిలో ఓడావు?"

"ఇద్దరి చేతిలోనూ, పెద్దమ్మా. దాచుకోవడమెందుకు! వాకిట్లో గంగులన్న కుమ్మాడు. పగలే చుక్కలు కనిపించాయి. కంత దగ్గర పుల్లయ్యన్న తన్నాడు. తిండి నమిలితే ఒట్టు. ఇద్దరూ మహానుభావులు."

దొడ్డి అంతా తృప్తిగా ఊపిరి పీల్చుకుంది. ఓడినవాడు ఇంత బాగా చెప్పడం వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

"అయితే ఎవరి దెబ్బ పెద్దది?" అంది మేక.

నక్క కళ్ళు మూసుకుంది. గంగులు గొంతు సవరించుకున్నాడు. "పక్కటెముక సంగతి మర్చిపోకు. బాగా గుర్తు తెచ్చుకో."

"దవడ," అన్నాడు పుల్లయ్య. అతను ఎక్కువ మాట్లాడడు. "దవడ సంగతి చెప్పు."

"అన్నలూ, ఇదే చిక్కు," అంది నక్క. "మీరిద్దరూ ఇలా ఎదురుగా నిలబడితే నాకు కాళ్ళు వణుకుతున్నాయి. భయంతో చెప్పింది సాక్ష్యమవుతుందా? మీరిద్దరూ కాసేపు వాగు అవతలికి వెళ్ళండి. మనసు కుదుటపడితే ఉన్నదున్నట్టు చెప్తా. పక్షపాతం అన్న మాట రాకూడదు కదా."

"న్యాయంగానే ఉంది," అంది మేక.

"మాకూ అదే కావాలి," అంది బాతు. పొద్దుట్నించీ వాళ్ళిద్దరికీ ఒక మాట కుదరడం అదే మొదలు.

గంగులు అప్పటికే లేచాడు. పుల్లయ్య వాకిలి వైపు తిరిగాడు. ఒకరికన్నా ఒకరు ముందు వెళ్తే నక్కకి నచ్చుతుందని ఇద్దరికీ తోచినట్టుంది, వాకిట్లో భుజాలు రాసుకున్నారు. నక్క కళ్ళు తెరిచి గంప వంక చూసింది. గంప లోపల ఒక పిల్ల కీచుమంది.

సూరమ్మ వచ్చి వాకిలికి అడ్డంగా నిలబడింది. గంగులు తలంత కూడా ఉండదు.

"వెళ్దురుగాని ఉండండి. ఒక్క మాట అడుగుతాను. నక్కా, ఎవరి దెబ్బ పెద్దదో నీకు తెలుసా, తెలీదా?"

"అదే వదినా, వీళ్ళు వెళ్ళాక..."

"నాకు మీ ఇంటితో వరసలు లేవు. తెలిస్తే ఇప్పుడే చెప్పు. ఇద్దరిలో ఒకరి పేరు. నువ్వు పేరు చెప్పగానే మర్యాదగా సాగనంపుతాం. ఇంకో గుడ్డు నేనే ఇస్తాను."

నక్క ఇబ్బందిగా కదిలింది. పేరు చెప్తే పని అయిపోయినట్టే. గుడ్డు తీసుకుని బయటికి నడవాలి. గంప ఎక్కడిదక్కడే ఉంటుంది. గుడ్డు వైపు ఒకసారి, గంప వైపు ఒకసారి చూసింది. గంపే బరువుగా కనిపించింది.

"ఎప్పటి మాటో కదా," అంది. "ఎవరిది పెద్దదో ఉన్నపళాన ఎలా చెప్పను?"

"అంటే గుర్తు లేదు."

"ఇప్పటికైతే లేదు. వీళ్ళు అటు వెళ్తే..."

"గేదెత్తా, విన్నావా?" అంది సూరమ్మ. "అతిథి మర్యాద ఎవరికి?"

"సాక్ష్యం చెప్పేవాడికి."

"అడిగిన సంగతి గుర్తు లేదన్నవాడు సాక్షేనా?"

గౌరమ్మ నెమరు ఆపింది. ఆవిడ నెమరు ఆపడం దొడ్డిలో ఎవరూ చూడలేదు. "కాడు," అంది.

"సాక్షి కానివాడు ఏమవుతాడు?"

గంగులు నక్క వైపు తిరిగి చూశాడు. ఆలోచించాల్సినంత పెద్ద ప్రశ్న కాదది. "నక్క అవుతాడు," అన్నాడు.

"మరి గుర్తు లేనివాడికి గుర్తు చెయ్యడం మన ధర్మం," అంది సూరమ్మ, వాకిట్లోంచి తప్పుకుంటూ.

నక్క కంత వైపు పరుగు తీసింది. పుల్లయ్య వాకిట్లోంచి ఒక్క ఉరుకులో దానికన్నా ముందే కంతకి చేరి, దానికి వీపు తిప్పి నిలబడ్డాడు. వెనక నుంచి గంగులు తల వంచి వచ్చాడు. కొమ్మూ కాలూ ఒకేసారి తగిలాయి. నక్క ముళ్ళకంచె మీదుగా వెళ్ళింది. కంచెకి కాస్త తోక వెంట్రుకలు మిగిలాయి.

అందరూ కంచె దగ్గరికి చేరి బయటికి తొంగి చూశారు.

"ఇంతకీ ఎవరి దెబ్బకి ఎగిరాడు?" అంది మేక.

"తన్నుకి," అంది బాతు.

"కాదు, కుమ్ముకి."

ఎంత వాదించుకున్నా లాభం లేదు. చెప్పాల్సింది ఓడినవాడే. కాకిని పంపించారు. కాకి తుమ్మచెట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"ఇప్పుడు బాగా గుర్తొచ్చిందట. ఎవరిదో కచ్చితంగా చెప్తాడట."

"మరి రమ్మను!"

"లోపలికి మాత్రం రాడట."

దొడ్డి బయట చెప్పిన సాక్ష్యం చెల్లదు. గంగులు వెళ్ళి వాకిట్లో పడుకున్నాడు. పుల్లయ్య కంత దగ్గర నిలబడ్డాడు. సూరమ్మ గంప ఎత్తి పిల్లల్ని మేతకి వదిలింది. మేకా బాతూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి, అయితే కంచెకి లోపలే.

కాపలావాళ్ళలో ఎవడు గొప్పో తేల్చమని అడిగేవాడి కన్ను గంప మీద ఉంటుంది.