కొలిచినవాళ్ల సంతకం

పిల్లలూ, జిలానీ సార్ సంగతి మీకు ఎప్పుడో చెప్పేశాననుకున్నాను. మొన్న చిన్నవాడు పాత ఫోటోలో గొడుగు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన్ని చూపించి "ఈయనెవరమ్మా?" అని అడిగినప్పుడు తెలిసింది, చెప్పలేదని. మిమ్మల్ని ఇంత దూరంలో పెంచుతూ ఏమేం చెప్పడం మర్చిపోయానో అని నాకు అప్పుడప్పుడు భయమేస్తుంది. వాటిలో ఒకటి దొరికింది. చెప్పేస్తాను.

ఇందులో సగం నేను కళ్లారా చూసింది. మిగతా సగం నాతో చదివిన నిరంజన్ నాకు చెప్పింది. ఎక్కడ ఏది మొదలవుతుందో కథలోనే చెబుతాను.

మీరు వాన వస్తుందా రాదా అని ఫోన్‌లో చూసుకుంటారు కదా. ఉపగ్రహాల బొమ్మలు చూసి అలాంటి సంగతులు తేల్చడం నేర్పే పీజీ కోర్సు ఒకటి నేను చదివాను. మేం పదిహేడుమందిమి, తొమ్మిది దేశాలవాళ్లం. మంగోలియా నుంచి, ఫిజీ నుంచి, నేపాల్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చాం. అందరం ఏదో ఒక వాతావరణ ఆఫీసులో పనిచేస్తూ వచ్చినవాళ్లమే. తొమ్మిది నెలలు తరగతులు. ఆ తర్వాత ఏడాది ఎవరి ఊళ్లో వాళ్లు ప్రాజెక్టు చెయ్యాలి. ఆ ప్రాజెక్టుకి కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే రెండో ఏడాది లేదు, డిగ్రీ లేదు.

జిలానీ సార్ మాకు వాన లెక్కలు చెప్పేవారు. వాతావరణ శాఖలో ముప్పై ఆరేళ్లు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. భవనం వెనక గడ్డిలో ఒక రెయిన్‌గేజి ఉండేది. అంటే వాన నీళ్లు పట్టే డబ్బా, లోపల ఒక సీసా. వారానికొకరు చొప్పున, పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్లి, ఆ సీసాలో నీళ్లు కొలత గ్లాసులో పోసి చూసి, రిజిస్టర్‌లో రాసి, పక్క గడిలో సంతకం చెయ్యాలి. ఎండాకాలమైనా సరే.

మంగోలియా బాత్‌బయార్‌కి ఇది నచ్చేది కాదు. "పైన అన్ని ఉపగ్రహాలుండగా కింద సీసాలో వెతకడమేంటి సార్?" అన్నాడు ఒకసారి.

"ఉపగ్రహం మబ్బుని చూస్తుందయ్యా. వాన కింద పడుతుంది" అన్నారు సార్.

ఫిజీ సైమోనీ తన వారంలో ఒక రోజు నిద్రలేవలేదు. పది గంటలకి నింపాదిగా వచ్చి రిజిస్టర్‌లో 0.0 అని రాశాడు. సార్ చూశారు.

"ఎనిమిదిన్నరకి వెళ్లావా?"

"లేదు సార్. కానీ ఎండ కాస్తోంది కదా. నెల నుంచి చుక్క పడలేదు."

"అయితే ఆ ఎండనే వచ్చి సంతకం చెయ్యమను."

క్లాసంతా నవ్వింది. సైమోనీ కూడా నవ్వాడు. సార్ ఆ అంకె కొట్టేయించి గడి ఖాళీగా వదిలించారు. "సున్నా అంటే వాన పడలేదని. ఖాళీ అంటే మనం చూడలేదని" అన్నారు. అంతే, మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయారు.

ఆ రోజు నవ్వినవాళ్లలో నిరంజన్ ఉన్నాడు. నేనూ ఉన్నాను.

నిరంజన్ మన తెలుగువాడే. వరదల గురించి ముందుగా చెప్పే ఆఫీసు నుంచి వచ్చాడు. మా బ్యాచిలో కంప్యూటర్ మీద అతన్ని మించినవాళ్లు లేరు. ఆ సంగతి అతనికీ తెలుసు. మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో ఉపగ్రహం చెబితే, దాన్నిబట్టి కింద ఎంత వాన పడి ఉంటుందో లెక్కగట్టే పద్ధతి ఒకటి తన ప్రాజెక్టు కోసం తయారుచేశాడు. అది సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక ఏటి చుట్టూ ఉన్న ఇరవై రెండు ఊళ్ల వాన లెక్కలు, పదిహేనేళ్లవి, తెప్పించుకున్నాడు. ఆ పట్టిక మూలన పడేసేది కాదు. ఎంత వానకి ఏరు గట్టు దాటుతుందో, ఏ ఊరిని ఎప్పుడు ఖాళీ చేయించాలో వాళ్ల ఆఫీసు దాన్ని చూసే తేలుస్తుంది.

అందులో మొగలిలంక అనే ఊరికి ఒక తుఫాను ఏడాదిలో వరసగా పదకొండు రోజులు ఖాళీగా ఉన్నాయి. కమిటీ మాత్రం ఖాళీల్లేని లెక్కలు కావాలని కాయితం పంపింది.

నిరంజన్ తన పద్ధతితోనే ఆ పదకొండు రోజులకీ అంకెలు కట్టి నింపేశాడు. ఆ సాయంత్రం మెస్సులో చాలా సంతోషంగా ఉన్నాడు.

"ఇప్పుడు ఒక్క ఖాళీ లేదు" అన్నాడు.

"బాగుంది. నీకు ఎండ సంతకం పెట్టిందా?" అన్నాడు సైమోనీ, పప్పులో అన్నం కలుపుకుంటూ.

"నాది నిద్రమత్తులో రాసింది కాదు. లెక్క."

కమిటీ సోమవారం. అంతకుముందు శుక్రవారం మధ్యాహ్నం ప్రాజెక్టు కాయితాల మీద జిలానీ సార్ సంతకం కోసం నిరంజన్ ఆయన గదికి వచ్చాడు. నా కాయితాల కోసం నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను. మా ముగ్గురిదీ తెలుగే కాబట్టి ఆ గదిలో తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లం.

సార్ పేజీలు తిప్పుతూ వచ్చి మొగలిలంక దగ్గర ఆగారు.

"ఈ పదకొండూ ఎక్కడివయ్యా?"

"ఉపగ్రహం నుంచి సార్. నా పద్ధతితో కట్టాను."

"ఇవి వేరని చూసేవాడికి తెలుస్తుందా?"

"తెలీదు సార్" అన్నాడు నిరంజన్. "అంత బాగా కలిసిపోయాయి."

సార్ లేచి ఇనప బీరువా తెరిచారు. ఒక కట్ట విప్పి, మొగలిలంక రిజిస్టర్‌లో ఆ నెల పేజీ జెరాక్సు తీసి బల్ల మీద పరిచారు. జేబులోంచి తన పెన్ను తీసి నిరంజన్‌కి ఇచ్చారు.

"రాయి."

"ఏం రాయను సార్?"

"నీ అంకెలే. ఖాళీ గడుల్లో రాయి. పక్కన సంతకం గడి కూడా ఉంది. అదీ నింపు."

సార్ ఒప్పుకున్నారనే అనుకున్నాడు నిరంజన్. కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి గడిలో 46.2 అని రాశాడు. అంకెలు ముత్యాల్లా ఉంటాయి అతనివి. పెన్ను పక్క గడి మీదికి వచ్చింది. పై వరసలన్నిట్లోనూ ఒకే సంతకం ఉంది, వరహాలు అని. పదకొండు ఖాళీల కింద నుంచి వేరే సంతకం మొదలైంది.

పెన్ను కాయితానికి తగల్లేదు.

"ఎవరి సంతకం పెట్టను సార్?"

"కొలిచినవాళ్లది" అన్నారు సార్.

నేను నా కాయితాలు తీసుకుని బయటికి వచ్చేశాను. నన్నెవరూ వెళ్లమనలేదు. అక్కడ ఉండబుద్ధి కాలేదు, అంతే. ఇక్కడ నుంచి కాసేపు నిరంజన్ చెప్పిందే చెబుతున్నాను.

అతను ఆ పేజీని అప్పుడు చదివాడట. అప్పటిదాకా కంప్యూటర్‌లో అంకెలే చూశాడు గాని ఆ కాయితం చూడలేదు. వరహాలు రాసిన ఆఖరి వరసలో 187.0 అని ఉంది, అంటే ఒక్క రోజులో ఏడంగుళాలకి పైగా వాన. పక్కన చిన్న అక్షరాలతో, "ఏటి నీరు బడి మెట్ల దాకా వచ్చింది. కొలత సరిగానే తీశాను" అని ఉంది.

"వరహాలు అంటే ఎవరు సార్?"

"బడి పంతులు. పొద్దున గేజి చూసి, రాసిపెట్టి, ఆ తర్వాత బడి గంట కొట్టేవాడట."

"ఈ కింద సంతకం?"

"నాది. కొత్త గేజి పెట్టడానికి నన్ను పంపారు."

"పదకొండు రోజుల తర్వాతా?"

"అన్నాళ్లూ ఏటి వెంట ఆయన దొరుకుతాడేమోనని చూశారు."

 అయినా నిరంజన్‌కి ఒక అనుమానం మిగిలింది. అతను తెలివైనవాడు కదా.

"మరి అప్పుడే మీరు నింపి ఉండొచ్చు కదా సార్? చుట్టుపక్కల ఊళ్ల అంకెలు ఉన్నాయి."

"నింపమనే అన్నారు" అన్నారు జిలానీ సార్. "పెన్ను తీశాను. నువ్వు ఆగిన గడి దాకానే వచ్చాను."

నిరంజన్ తను రాసిన 46.2 మీద ఒక గీత కొట్టాడు. కొట్టేసింది తనేనని తెలిసేలా పక్కన తన పేరు రాశాడు. పెన్ను తిరిగి ఇచ్చేశాడు. తన ప్రాజెక్టు మీద సార్ సంతకం అడక్కుండానే వచ్చేశాడు.

ఇక నేను చూసింది. శని, ఆదివారాలు అతను కంప్యూటర్ గది వదల్లేదు. ఆ పదకొండూ తీసేసి లెక్క మొత్తం మళ్లీ కట్టాడు. అతని పద్ధతి ముందు కనిపించినంత గొప్పగా కనిపించలేదు. ముందు కొంతమేరకు తన అంకెలతో తన అంకెల్నే పోల్చుకున్నాడు మరి. ఆదివారం సాయంత్రం కాయితాలు సార్ గదికి పట్టుకెళ్లాడు. సార్ మొగలిలంక పేజీ ఒక్కటే తెరిచి చూసి సంతకం పెట్టారు.

సోమవారం కమిటీలో ఒక పెద్దాయన ఆ పేజీ దగ్గరే పట్టుకున్నాడు.

"ఈ ఖాళీలేంటి? ఖాళీలుండకూడదని మేం రాశాం కదా."

"ఆ పదకొండు రోజులూ అక్కడ కొలిచినవాళ్లు లేరు సార్."

"ఉపగ్రహంతో నింపొచ్చుగా. నీ పనే అది."

"కట్టాను సార్. చివర్లో వేరే పట్టికలో ఉంది. దానికి నా పేరు పెట్టాను."

పెద్దాయన చివరి పేజీ తిప్పి చూశాడు, పక్కనాయనతో ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. జిలానీ సార్ వెనక వరసలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆ రోజు మా పదహారుమందికీ ఒప్పుకున్నట్టు కాయితం చేతికొచ్చింది. నిరంజన్‌కి రాలేదు. మూడు వారాలకి వచ్చింది. ఆ మూడు వారాలూ అతను అన్నం సరిగ్గా తినలేదు. వాళ్లు ఏమనుకుని ఒప్పుకున్నారో నాకు తెలియదు.

కమిటీ మర్నాడు మంగళవారం. రెయిన్‌గేజి డ్యూటీ ఆ వారం నిరంజన్‌ది. హాస్టల్ కిటికీలోంచి చూశాను. ఎనిమిదింపావుకే వెళ్లి గడ్డిలో నిలబడ్డాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఎనిమిదిన్నరకి డబ్బా మూత తీసి, సీసా తీసి, ఆ ఎండిన సీసానే గ్లాసులోకి వంచి, గ్లాసుని కళ్లకెదురుగా పెట్టుకుని చూశాడు. తర్వాత రిజిస్టర్ మోకాలి మీద పెట్టుకుని రాసి, సంతకం చేశాడు.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఉంచుకోకండి. మీ స్నేహితులకి చెప్పండి, ఎప్పటికైనా మీ పిల్లలకీ చెప్పండి. అప్పుడు ఆ ఫోటో కూడా చూపించండి. జిలానీ సార్ అందులో గొడుగు ఎందుకు పట్టుకున్నారో నాకు గుర్తులేదు. ఎవరైనా అడిగితే అమ్మకి గుర్తులేదట అని చెప్పండి. ఆ రోజు వాన పడిందని మాత్రం చెప్పకండి.