పొలంలో కిటికీ

పక్కింటి పోపు ఘాటుకు మీకు తుమ్ము రావడం మంచిదా, రాకపోవడం మంచిదా? తడుముకోకుండా చెప్పండి! ఏం, నీళ్ళు నములుతున్నారే? చింతగింజల సందు వెంకాయమ్మ అయితే ఇలా తడబడేది కాదు.

"ఊరి తెలివంతా మా ఇంట్లోనే కాపురముంటోంది. అందుకే మాకు చోటు చాలట్లేదు" అనేదామె.

"అవునమ్మా" అని కొడుకులు పోలయ్య, చిట్టెయ్య తలలూపేవాళ్ళు. ఊపిన తలలు ఠప్పున కొట్టుకునేవి. ఇల్లంత ఇరుకు మరి!

ఇరుకైతేనేం, గడప దాటితే కూరలబండి, నాలుగడుగులేస్తే దుకాణం. వంటింటి కిటికీకి ఎదురుగా పక్కింటి జైనబీ కిటికీ. రోజూ పొద్దెక్కేసరికి కిటికీలోంచి ఒక చెయ్యి, చేతిలో గిన్నె, గిన్నెలో ఉలవచారు. ఆ చారు లేనిదే వెంకాయమ్మకు ముద్ద దిగదు.

ఒకనాడు పోలయ్యకు ఊరవతల పొలాల్లో ఖాళీ జాగా కంటబడింది. "అమ్మా, అక్కడ చెయ్యి ఎంత చాపినా గోడ తగలదే!"

"తొందరపడకండి. సందూ, జాగా రెండూ తూచి చూసుకుని కదలండి" అంది జైనబీ.

అంతే, చిట్టెయ్య తక్కెడ తెచ్చాడు. ఒక తట్టలో జాగా మట్టి పోశాడు. సందులోనేమో అన్నీ బండలే, ఎంత గీకినా చిటికెడు మన్ను రాలలేదు. జాగా తట్ట దభీమని దిగింది. ఇంకేముంది, మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు.

పోలయ్య ఇంటికి ముగ్గు పోయబోతే వెంకాయమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆగరా! ఇల్లు కడితే ఖాళీ తగ్గిపోదూ?"

నిజమే కదా! ఓ మూల కోళ్ళగూడంత పాక వేసుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకు కూర్చున్నారు. ఉప్పుకి ఊళ్ళోకి నడవాలి. అదీ జాగాకు అడ్డంపడి కాదు, తొక్కితే అరిగిపోతుందని కంచె చుట్టూ తిరిగి. చిట్టెయ్య ఉప్పుతో వచ్చేసరికి అన్నం బొగ్గయింది. "మాడుతోందర్రోయ్" అని అరిచే జైనబీ లేదాయె.

"అన్నం పోతే పోయింది, నా చారేదిరా?" వెంకాయమ్మ ఖాళీ కంచం మోగించింది.

చిట్టెయ్య తొడ చరుచుకున్నాడు. "చారు కిటికీలోంచి కదా వచ్చేది! కిటికీని అక్కడే మర్చిపోయామే!"

"నా బంగారు కొండ!" అంది తల్లి.

అంతే, గునపం పట్టుకుని పరుగెత్తారు. కిటికీని చట్రంతో సహా పెకలించి తెచ్చి జాగా నడిమధ్యలో పాతారు. ముగ్గురూ కంచాలు పట్టుకుని దాని ముందు కూర్చున్నారు. గాలొచ్చింది, కాకొచ్చింది, చారు రాలేదు.

"ఇంకా ఉడకలేదేమోలే" అన్నాడు పోలయ్య.

మర్నాడు వెంకాయమ్మ ఇంటి గోడకు కన్నం చూసి జైనబీ లబోదిబోమంది. గిన్నె పట్టుకుని ఆ దూరమంతా నడిచొచ్చింది.

"వెంకాయక్కా, ఇదేం చోద్యం!" అంటూ గిన్నె అందించబోయింది.

"అట్లా కాదే! అటు వెళ్ళి కిటికీలోంచి ఇవ్వు!"

జైనబీ నెత్తి కొట్టుకుని అటు తిరిగి, చెయ్యి దూర్చి ఇచ్చింది. వెంకాయమ్మ గటగటా తాగి, "పనిచేసిందర్రా!" అని కేకపెట్టింది.

జైనబీ కళ్ళు తుడుచుకుంది. "వచ్చెయ్యండక్కా. మీరు లేక సందంతా ఖాళీగా ఉంది."

"ఖాళీగానా! విన్నార్రా? మనమిక్కడ వెతుకుతుంటే ఖాళీ వెళ్ళి సందులో కూర్చుందట! పదండి, పదండి!"

పోలయ్య కిటికీ మీద చెయ్యేశాడు.

"పీకకురా! ఇప్పుడే చారు కాసింది, వేళ్ళు తెగితే చచ్చిపోతుంది!" అన్నాడు చిట్టెయ్య.

అలా సందుకైతే చేరారు. జైనబీ గోడ కన్నంలోంచి గిన్నె చాపింది. వెంకాయమ్మ ఛీ కొట్టింది. "కన్నంలోంచి వచ్చేది దొంగచారు! నాకొద్దు!"

ఇంకేముంది, రోజూ ఆమె కంచం పట్టుకుని ఆ జాగాకు బయల్దేరుతుంది. అక్క పస్తుంటే చూడలేక జైనబీ గిన్నె పట్టుకుని వెనకే నడుస్తుంది. కిటికీకి ఇటు ఒకరు, అటు ఒకరు. తాగేసి మళ్ళీ ఇద్దరూ కబుర్లాడుకుంటూ పక్కపక్క ఇళ్ళకు తిరిగొస్తారు.

నవ్వింది చాలు, లేవండి! మీలో ఎవరైనా అటు వెళ్ళి ఆ కిటికీ పీక్కొచ్చి గోడకు బిగించండి. చారు చల్లారిపోతోంది.