తేనెకొండ పెళ్లి

ఒకప్పుడు పులి వంశం, నెమలి వంశం కొట్టుకు చచ్చి, చివరికి ఒక పెళ్లితో రాజీపడ్డాయి. ఆ పెళ్లినే ఏటా రెండు వంశాల దొరలూ వేషాలు కట్టి మళ్లీ చేసుకుంటారు. నెమలిదొర బసవనాయుడు వరుడు. గుబురు మీసాల పులిదొర గంటమనాయుడు వధువు. పెళ్లి జరిగితేనే నెమలివాళ్ల తేనెకొండ ఆ ఏడాదికి వధువు తరఫుకిచ్చే ఓలి కింద పులివాళ్లకు దక్కుతుంది.

ఈ ఏడు తాళి పడగానే, పులిదొరకు ఏటా పసుపు పూసి చీర కట్టే సింగడు, డప్పుల పోలయ్య చెయ్యి పట్టుకుని ముందుకొచ్చాడు.

"దొరా, మేమిద్దరం కూడా ఈ పందిట్లోనే పెళ్లాడతాం."

గంటమనాయుడు ముసుగు వెనక్కి నెట్టి మీసం మెలేశాడు. "మగాడికి మగాడితో పెళ్లేమిటిరా? మన వంశంలో ఎన్నడైనా ఉందా? వీళ్లను పొలిమేర దాటించండి."

సింగడు దొర మెడకేసి చూశాడు. "మరి ఆ తాళి?"

"ఇది ఉత్త వేషంరా."

"అలాగే దొరా. బసవనాయుడుగారూ, విన్నారుగా. పెళ్లే కాలేదట. మీ కొండ మీరు తీసేసుకోండి."

బసవనాయుడు హుషారుగా లేచి, తేనె తీసేవాళ్లను కేకేయబోయాడు. గంటమనాయుడు కొంగుముడి పట్టుకుని ఆయన్ను లాగి కూర్చోబెట్టాడు.

"కూర్చోండి. మనది నిజం పెళ్లే." పందిరంతా తనవైపే చూస్తుంటే గొణిగాడు, "వాళ్లకూ రెండు దండలు తెండి."

చేతిదాకా వచ్చిన కొండ జారిపోయిందని బసవనాయుడు నిట్టూర్చి, పురోహితుడి వైపు తిరిగాడు.

"మా ఆవిడ చెప్పింది కదయ్యా, కానివ్వు."