జట్టు పెద్ద మెడలో నాలుగు గంటలు

పరీధావి సంవత్సరం, నడి వేసవి. గుండ్లవాగులో నీళ్లు పోయి బురద మిగిలింది. పది రోజులకి బురద కూడా పోయి నెర్రెలు మిగిలాయి. వాగు ఒడ్డున కుంటి పసుల దొడ్డి ఒకటుంది. కాలు విరిగినవీ, కొమ్ము ఊడినవీ, దున్ని దున్ని నడుము పడిపోయినవీ మొత్తం పదకొండు పసులు అందులో పడి ఉన్నాయి. అవి లేచి మేతకి పోలేవు, మేతే వాటి దగ్గరికి రావాలి. నాలుగు రోజులుగా రాలేదు.

ఆ పదకొండింటిలో మైలెద్దు ఒకటి. అది పుల్లెద్దుకి జోడు. తొమ్మిదేళ్లు రెండూ ఒకే కాడి మోశాయి. దాపట మైలెద్దు, వలపట పుల్లెద్దు. మైలెద్దు కాలు విరిగి దొడ్లో పడ్డాక కూడా, పుల్లెద్దు ఒంటరిగా నడుస్తూ ఎడమ పక్కన ఇంకో ఎద్దు పట్టేంత చోటు వదిలేది.

ఆ సాయంత్రం కాకి కబురు పట్టుకొచ్చింది. వాగు ఒడ్డున ఉన్న జీవాలన్నీ మూగాయి.

"కొండ మీది ఏనుగు పెద్దమ్మ చెప్పమంది. పైన ఇంకా పచ్చిమేత ఉందట. తను ఊరి దాకా దిగితే డప్పులు కొట్టి తరుముతారు కాబట్టి కొండ మొదట్లో ఉన్న తెల్లగుండు బండ దాకా వస్తుంది. మీరు పగలు నడిస్తే ఎండకి పడిపోతారు. రాత్రంతా నడిచి తెల్లారేసరికి అక్కడుండాలి. ఎన్ని గంటలు గుండు చేరితే అన్ని మోపులు."

"గంటలంటే?" అంది ముసలి గాడిద వీరాసామి. "పొద్దు గంటలా, మెడ గంటలా?"

"మెడ గంటలేనయ్యా. ఒక్కొక్కరికి ఒక్కో గంట. జట్టుగా రావాలి, జట్టుకొక పెద్ద ఉండాలి. ఈ దొడ్డి జట్టుకి పెద్దగా ఎవరుంటారు? కూలి లేదు, గింజ లేదు. సేవ."

సేవ అనగానే గేదె నీలమ్మ ఆకాశం చూసింది. చూడితో ఉన్న గొర్రె పోలమ్మ కాళ్ల కింద మట్టి చూసుకుంది. పుల్లెద్దు తల ఎత్తబోయింది. ఎద్దు తల ఎత్తాలంటే కాస్త సమయం పడుతుంది. ఈలోగా నక్క జంబయ్య రాయెక్కి నిలబడ్డాడు.

"నేనుంటాను! కుంటి పసుల ఆకలి తలుచుకుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

"నీకు రాత్రిళ్లు నిద్ర ఎప్పుడు పట్టిందిరా?" అంది గాడిద.

నలుగురూ నవ్వారు. నక్క కూడా నవ్వాడు. పని కావాలనుకున్నవాడు ముందు నవ్వుతాడు.

కాకి నవ్వలేదు. "జట్టు పెద్దకి ఒకటే పని. చిట్టచివర నడవాలి. అందరికంటే మెల్లగా నడిచేది ఎవరో, వాళ్ల వెనక నీ అడుగు పడాలి."

"అంతేనా? ప్రాణం పెడతాను" అన్నాడు జంబయ్య.

కాకి ఒక గంటనీ, ఎర్రగుడ్డ పీలికనీ జంబయ్య మెడకి చుట్టి, అందరి మెడల్లోనూ గంటలు సరిచూసి ఎగిరిపోయింది. నక్క, ఎద్దు, గేదె, గాడిద, గొర్రె. ఐదుగురు, ఐదు గంటలు. పొద్దు కుంకగానే బయల్దేరారు.

బయల్దేరిన నాలుగు బారలకే జంబయ్య అందరికంటే ముందున్నాడు.

"ఏమయ్యా పెద్దా, నిన్ను వెనక నడవమన్నారు కదా?" అంది గాడిద.

"వెనక నడిస్తే ఈ ఎర్రగుడ్డ ఎవరికి కనబడుతుంది వీరాసామి మావా? పెద్ద కనబడితేనే జట్టుకి ధైర్యం."

"మాకు నీ తోక కనబడుతోంది. దాన్ని చూసి మేం తెచ్చుకునే ధైర్యమేముంది?"

రెండు కోసులు, అంటే నాలుగు మైళ్లు, నడిచాక దారి పక్కన మోకాలి లోతు మడుగొకటి కనబడింది. నీలమ్మ ఆగిపోయింది. వేసవంతా ఒంటికి నీళ్లు తగలని గేదె మరి. జంబయ్య చెంగున వెనక్కి వచ్చాడు.

"వదినా, కాళ్లు నొప్పులా?"

"ఒక్కసారి మునిగి వస్తానయ్యా. ఇదిగో వచ్చేస్తా."

"ఒక్కసారేంటి వదినా, హాయిగా పడుకో. పెద్దమ్మ ఏమంది? ఎన్ని గంటలు చేరితే అన్ని మోపులంది. గంటలంది గానీ గేదెలనలేదు. నీ గంట ఇలా ఇవ్వు, నేను చేరుస్తాను. నీ పుణ్యం నీకొస్తుంది, నీ మడుగు నీకుంటుంది."

నీలమ్మకి ఆ మాట నచ్చింది. నచ్చకేం? మెడ వంచింది. నక్క పళ్లతో తాడు కొరికి గంట తన మెడకి తగిలించుకున్నాడు. తర్వాత పరుగున ముందుకెళ్లి పుల్లెద్దు పక్కన చేరాడు.

"పుల్లన్నా, ముందంతా తుమ్మకంప. నీ డెక్కలు గట్టివి, నువ్వు దారి తొక్కు. వెనక సంగతి నేను చూసుకుంటాను."

పుల్లెద్దు నమ్మింది. జట్టు పెద్ద వెనక ఉంటానంటే ఎవరు కాదంటారు? తల వంచి కంప తొక్కుకుంటూ పోయింది.

నాలుగో కోసు నడుమ తోడేళ్ల లోయ. జట్టుగా, గంటలు మోగించుకుంటూ పోయేవాళ్ల జోలికి తోడేళ్లు రావు. ఆ లోయలో దిగుతూ గాడిద డెక్కలో రాయి ఇరుక్కుంది. గొర్రెకి ఆయాసం ఎక్కువై కూర్చుండిపోయింది.

"జంబయ్యా, కాసేపు ఆగుదాం నాయనా. కడుపులోది కదులుతోంది" అంది పోలమ్మ.

"ఆగితే తెల్లారిపోతుంది పోలమ్మక్కా. అక్కడ పదకొండు ప్రాణాలు. నీ ఒక్కదాని కోసం అవి చావాలా?"

పోలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "చావొద్దు."

"అయితే గంట ఇవ్వు. మావా, నీదీ ఇవ్వు. మీరిద్దరూ ఇక్కడే ఒకరికొకరు తోడుండండి."

"ఇది తోడేళ్ల లోయ రా" అంది గాడిద.

"చప్పుడు చెయ్యకుండా ఉంటే వాటికేం తెలుస్తుంది? గంట మెడలో ఉంటేనే అసలు ముప్పు."

మొండి గాడిద అని లోకమంతా అంటుంది కదా, ఆ మొండితనం కావలసిన చోట కాస్త చూపించి ఉంటే బాగుండేది. కానీ డెక్క నొప్పి. పైగా మిగతావాళ్లకి అడ్డం కాకూడదన్న మంచితనం. మెడ వంచింది.

ఐదో కోసు చివర పుల్లెద్దు కంప దాటి ఆగింది. వెనక గంటలు మోగుతున్నాయి. గేదెది బొంగురు గంట, గాడిదది పగిలిన గంట, గొర్రెది చిన్న గంట, అన్నీ ఉన్నాయి. కానీ గేదె బుస లేదు, గాడిద సణుగుడు లేదు. ఐదు కోసులు నడిచి గాడిద సణక్కుండా ఉండడమేంటని పుల్లెద్దు వెనక్కి తిరిగింది.

నక్క ఒక్కడే, మెడలో నాలుగు గంటలతో.

"మిగతావాళ్లేరి?"

"సుఖంగా ఉన్నారు పుల్లన్నా. నీలమ్మ వదిన మడుగులో, మావా పోలమ్మక్కా లోయలో. గంటలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు, చూశావుగా? నీదీ ఇలా పడేయ్. ఎంత కాలం చాకిరీ చేస్తావు, నువ్వు కూడా నడుం వాల్చు."

"చూడితో ఉన్న గొర్రెని తోడేళ్ల లోయలో వదిలావా?"

"వదల్లేదు, విశ్రాంతి ఇచ్చాను."

"ముసలి గాడిదని కూడా?"

"మెల్లగా నడిచేవాళ్లతో జట్టంతా ఆగిపోతుందా పుల్లన్నా? నువ్వు పెద్దగా ఆలోచించు. మీ మైలన్న కోసమే కదా ఇదంతా."

పుల్లెద్దు తొమ్మిదేళ్లలో ఎవరి మీదా కొమ్ము ఎత్తలేదు. ఆ రాత్రి ఎత్తింది. నక్క ఎగిరి బండ మీదికెక్కాడు.

"మైలన్న పేరు నీ నోట రానివ్వకు. నిన్ను జట్టుకి పెద్దని చేసింది గంటలు మొయ్యడానికా? గంటలకి పెద్ద ఎందుకురా, ఒక బుట్ట చాలదా? వెనక నడవమన్నారు నిన్ను. వెనక నడిచేవాడు లేడని తెలిస్తే పోలమ్మక్క ఇల్లు కదిలేదా? నువ్వున్నావనే కదా కడుపుతో బయల్దేరింది!"

"అరవకు. వెనక్కెళ్తావా, ముందుకొస్తావా? తెల్లారేసరికి గుండు చేరకపోతే నీ మోపు పోతుంది. ఆలోచించుకో."

పుల్లెద్దు నిలబడిపోయింది. ముందు ఒక్క కోసు. అక్కడ మైలెద్దుకి మేత. వెనక కోసున్నర, అక్కడ ఇద్దరు. మైలెద్దు నాలుగు రోజుల నుంచి తినలేదు. ఆ సంగతి పుల్లెద్దుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బుసకొట్టి, తొక్కిన కంపలోంచే వెనక్కి నడిచింది. నక్క పకపకా నవ్వి నాలుగు గంటలు మోగించుకుంటూ ముందుకి పోయాడు.

లోయలో గాడిద గొర్రెని బండకి ఆనించి, తను అడ్డంగా నిలబడి వెనక కాళ్లు ఝాడిస్తోంది. ఎదురుగా రెండు తోడేళ్లు తీరిగ్గా కూర్చుని ఉన్నాయి. ముసలి కాళ్లు ఎంతసేపు ఝాడిస్తాయో చూద్దామన్నట్టు. పుల్లెద్దు గంట విని లేచాయి. కొమ్ములు చూసి నాలుగడుగులు వెనక్కి వేశాయి. అంతకంటే పోలేదు.

"ఎందుకొచ్చావు?" అంది గాడిద. "నీ మోపు పోతుంది, పో."

"నోర్ముయ్యి మావా. గంట ఎందుకిచ్చావు?"

"జట్టు పెద్ద అడిగాడు."

"జట్టు పెద్ద అడిగితే తల కూడా కోసిస్తావా? వాడు మోసగాడు, సరే. మెడ వంచింది ఎవరు? వాడు ఎగిరి కొరికాడా?"

చీకట్లో, ఆ కాలితో, ఆ కడుపుతో లోయ ఎక్కడం కుదరదు. తోడేళ్లు పోయేదాకా పుల్లెద్దు వాళ్ల ముందు నిలబడింది. అవి పోయేసరికి తూరుపు తెల్లబడింది.

అప్పటికి జంబయ్య తెల్లగుండు చేరాడు. ఏనుగు పెద్దమ్మ పచ్చి కొమ్మలు విరిచి మోపులు కట్టి ఉంచింది. జంబయ్య గుండు ముందు నిలబడి మెడ ఊపాడు.

"పెద్దమ్మా, ఎన్ని గంటలు చేరితే అన్ని మోపులన్నావు. నాలుగు చేరాయి. లెక్క చూసుకో."

పెద్దమ్మ తొండంతో గంటలు తడిమింది. "గంటలున్నాయి. వీపులేవి?"

"వీపులు అడగలేదుగా."

"ఒరే, ఇంతమందిని రాత్రంతా నడిపించి ఎందుకు రప్పించాననుకున్నావు? వేడుకకా? నేను కిందికి దిగలేను. ఎండెక్కకముందు ఈ మోపులు దొడ్డికి మోసుకెళ్లాలి. గంటకొక మోపు అంటే, ఆ గంట కట్టుకున్నవాడి వీపుకొక మోపు."

నక్క వెనక్కి జరగబోయాడు, పెద్దమ్మ తొండం అడ్డం పెట్టింది.

"నాలుగు గంటలూ నీ మెడలోనే ఉన్నాయి కదా" అంది పెద్దమ్మ. "మాట మాటే."

మొదటి మోపుకి నక్క నడుం వంగింది. రెండో మోపుకి కడుపు నేలకి ఆనింది. మూడోదీ నాలుగోదీ పెట్టేసరికి నక్క కనబడలేదు, అరుపు మాత్రం వినబడింది. పెద్దమ్మ తొండం దులుపుకుని, ఎండ ముదరకముందు పైనున్న మడుగు చేరాలని కొండెక్కి పోయింది.

ఆమె కోపం న్యాయమైనదే. కానీ ఆ న్యాయం కింద మేత కూడా అక్కడే పడి ఉంది. ఎండకి వాడిపోతూ ఉంది.

పొద్దు నడినెత్తికి వచ్చాక నలుగురూ గుండు దగ్గరికి వచ్చారు. గాడిద కుంటుతోంది. గొర్రె ఎద్దు నీడలో నడుస్తోంది. గాడిద వెనక్కి వెళ్లి అరిచి లేపుకొచ్చిన గేదె చివర ఉంది. నీలమ్మ ఇంకా, "నాకు నిద్ర పట్టేసింది, నాదేం తప్పు?" అంటోంది.

మోపుల కిందినుంచి సన్నగా వినబడింది. "పుల్లన్నా! వచ్చావా? చూడు, మేత ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నాను."

పుల్లెద్దు కొమ్ముతో మోపులు పక్కకి తీసింది. జంబయ్య నడుం చితికి, ఎర్రగుడ్డ మెడకి బిగుసుకుపోయి పడి ఉన్నాడు.

"మా గంటలు మాకివ్వు" అంది పోలమ్మ. అంతకంటే ఇంకేం అడగలేదు.

"వీణ్ని ఏం చేద్దాం?" అంది గాడిద.

"వాడి సంగతి తర్వాత. మోపులెత్తండి" అంది పుల్లెద్దు.

ఎద్దు రెండు మోపులెత్తింది. గేదె ఒకటి, గాడిద ఒకటి. పోలమ్మ నోటికి అందినంత కొమ్మ కరుచుకుంది. పుల్లెద్దు అందర్నీ ముందు నడవనిచ్చి తను చివర నడిచింది. నిప్పులు చెరిగే ఎండలో ఆరు కోసులు.

ఇది చదివేవాళ్లకి ఒకటే చెబుతాను: జట్టుకి పెద్దనంటూ ఎవడైనా ముందు వచ్చి నిలబడితే, వాడి వెనక ఎవరెవరు మిగిలారో ముందు లెక్కపెట్టుకోండి.

మేత దొడ్డి చేరేసరికి పొద్దు కుంకింది. పదకొండు పసుల్లో నాలుగు ఆ మధ్యాహ్నమే చచ్చిపోయాయి. మైలెద్దు వాటిలో ఒకటి.