నలభై ఒక్క చుక్కలు

ఒక జిల్లా పోలీసు కార్యాలయంలోని సైబర్ విభాగంలో తవిటినాయుడు అనే ఎస్సై ఉండేవాడు. కంప్యూటరు తెర మీద ఒక గీత కనిపిస్తే చాలు, తెలుసుకోవలసిందంతా తెలిసిపోయిందని అనుకునేవాడు.

మంచివాడే. చురుకైనవాడు కూడా. కానీ ఏ పని గురించి అడిగినా "చూశాను మేడమ్" అనేవాడు. ఆ మాట వింటే పై అధికారిణి హైమావతికి తలనొప్పి వచ్చేది.

"చూశావా, చదివావా?" అని అడిగేది.

"రెండూ ఒకటే కదా మేడమ్" అని నవ్వేవాడు.

వాళ్ళ దగ్గర 'ఆరా' అనే దర్యాప్తు సాఫ్ట్‌వేరు ఉండేది. ఒక వెబ్‌సైటు పేరు కొడితే, ఆ పేరును ఎప్పుడు నమోదు చేశారో, ఏ సర్వరులో ఉంచారో, అదే సర్వరులో ఇంకా ఏయే సైట్లు ఉన్నాయో చూపించేది. ఒక్కో సైటు ఒక్కో చుక్క. చుక్కకూ చుక్కకూ మధ్య గీత. చూడటానికి అచ్చం ముగ్గులా ఉండేది. చుక్క మీద నొక్కితే లోపలి వివరాలు తెరుచుకునేవి. తవిటినాయుడికి ముగ్గంటే ఇష్టం, నొక్కాలంటే బద్ధకం. ముగ్గును పెద్ద కాగితం మీద ముద్రించి గోడకు అంటించేవాడు. వచ్చిన అధికారులందరూ దాని ముందు నిలబడి "భలే ఉందయ్యా" అనేవారు. అదే వచ్చిన చిక్కు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక రైతులు గుంపుగా వచ్చి మొరపెట్టుకున్నారు. సగం ధరకే మందు కొట్టే స్ప్రేయర్లు ఇప్పిస్తామంటూ ఒక సైటు వాళ్ళ ఆధార్ వివరాలు, బ్యాంకు వివరాలు గుంజుకుందట. హైమావతికి ఆ రోజే కోర్టు పని మీద పొరుగు జిల్లాకు వెళ్ళవలసి వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"నాయుడూ, ఒక్కొక్క చుక్కా తెరిచి చదువు. 'పాత వివరాలు' అన్న పేజీ కూడా చూడు. ఆ తర్వాతే సైటు ఆపమని ఉత్తరం రాయి. వింటున్నావా?"

"వింటున్నాను మేడమ్."

విన్నాడు. అంతే.

సైటు పేరు కొట్టగానే తెర మీద నలభై ఒక్క చుక్కలు వచ్చాయి. అన్నీ ఒకే సర్వరులోవి. "అమ్మో, ఎంత పెద్ద ముఠా!" అనుకున్నాడు. ఉత్తరం తయారు చేసే ముందు ఆరా ఒక ప్రశ్న అడిగేది. ప్రతి సైటు పక్కనా 'మీరు స్వయంగా తెరిచి చూశారా?' అని ఉండేది. నలభై ఒక్కసార్లు జవాబు చెప్పాలి. కానీ పైన ఒక మూల 'అన్నిటికీ అవును' అని ఒక మీట ఉంది. ఆ మీట పెట్టిన మహానుభావుడు ఎవరో గాని, తవిటినాయుడి లాంటివాళ్ళ కోసమే పెట్టి ఉంటాడు. నొక్కాడు. ఉత్తరం వెళ్ళింది. సాయంత్రానికి సర్వరు కంపెనీవాళ్ళు నలభై ఒక్క సైట్లూ ఆపేశారు.

"అన్నీ తెరిచి చూశావా?" అని హైమావతి ఫోనులో అడిగింది.

"చూశాను మేడమ్."

మూడో రోజు ఉదయం హైమావతి ఇంకా తిరిగి రాకముందే ఒక పెద్దావిడ సైబర్ విభాగానికి వచ్చింది. చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. ఆమె పేరు ఆశీర్వాదమ్మ. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆమెను సిస్టరమ్మ అంటారు.

"బాబూ, నా సైటు ఆపేసింది ఎవరు?"

"ఏ సైటమ్మా?"

"పాము కాటు మందు సైటు. కంపెనీకి మూడు మెయిళ్ళు పెట్టాను. పోలీసులను అడగమన్నారు."

తవిటినాయుడు గోడ మీది ముగ్గులో వెతికాడు. ఆ పేరు ఇరవై ఏడో చుక్క. "అది ముఠా సైటమ్మా. దొంగలున్న సర్వరులోనే ఉంది" అన్నాడు.

"సర్వరు సంగతి నాకేం తెలుసు నాయనా? చవగ్గా ఇస్తున్నారని మా మేనకోడలు అక్కడ పెట్టింది. నేను రోజూ పొద్దున్నే పధ్నాలుగు ఆసుపత్రులకు ఫోన్ చేస్తాను. ఇవాళ మందు ఎక్కడుంది, ఎక్కడ అయిపోయింది, అంతా రాస్తాను. ఇందులో ముఠా ఎవరు? నేనా, నా ఫోనా?"

తవిటినాయుడు మళ్ళీ గోడ మీది ముగ్గు వైపు తిరిగాడు. అప్పటికే హైమావతి వచ్చి గుమ్మంలో నిలబడి ఆ మాటలు విన్నది. అదే సమయంలో ఆశీర్వాదమ్మ ఫోను మోగింది. మాట అందరికీ వినిపించేంత గట్టిగా అరుస్తున్నాడు అవతలి మనిషి.

"సిస్టరమ్మా! నేను ఆటో అప్పన్నని. మా చెల్లి పైడితల్లికి నాట్లలో పాము కరిచింది. మీ పేజీ రావట్లేదమ్మా! దగ్గరి ఆసుపత్రికి తెస్తే మందు అయిపోయిందన్నారు. మీ నంబరు దొరకడానికే అరగంట పట్టింది!"

ఆశీర్వాదమ్మ గబగబా నోటుపుస్తకం తెరిచింది. సైటు ఆగినా ఆమె రోజూ ఆసుపత్రులకు ఫోన్ చేసి రాసుకోవడం ఆపలేదు. "ఏడ్వకు అప్పన్నా. తిన్నగా పెద్దాసుపత్రికి పో. పొద్దున అక్కడ మందుంది. నేను వాళ్ళకు చెబుతాను. కాలు కదపనివ్వకు. బిగించి కట్టకండి" అంది.

అప్పన్న ఉన్నచోటికి ఆ పెద్దాసుపత్రి నలభై కిలోమీటర్లు. ఆ గంటసేపు ముగ్గురూ ఆ ఫోను చుట్టూ కూర్చున్నారు. పైడితల్లి బతికింది. కానీ మందు ఆలస్యంగా అందడంతో ఆమె కాలి వేళ్ళు రెండు తీసేశారు.

హైమావతి కేకలు వేయలేదు. నేరుగా ఆరా తెరిచింది. ఎవరు ఏ చుక్కను తెరిచారో అది రాసి ఉంచుతుంది. 'అవును అన్నవి: నలభై ఒకటి. తెరిచినవి: ఒకటి.'

"ఏమయ్యా, ఒకే బస్సులో కూర్చున్నవాళ్ళంతా ఒకే ఇంటివాళ్ళా?" అంది. "జేబుదొంగ ఎక్కాడని బస్సంతా లాకప్పులో పెడతామా? ఎన్నిసార్లు చెప్పానయ్యా నీకు! నువ్వు చూశానంటే నేనూ నమ్మాను. అది నా తప్పు."

అప్పుడు 'పాత వివరాలు' పేజీ నొక్కింది. ఆ దొంగ సైటు పెట్టిన మొదటి వారంలో దాని యజమాని తన ఫోను నంబరు దాచుకోవడం మరిచిపోయాడు. అది అక్కడే ఉంది. అదే నంబరుతో ఇంకో సర్వరులో మరో సైటు నిన్ననే మొదలైంది. దాన్ని కనుక్కోవడానికి హైమావతికి పట్టింది పది నిమిషాలు. వారం తిరక్కుండా దొంగ దొరికాడు. ఈలోగా మరో పన్నెండుమంది రైతులు మోసపోయారు.

మిగతా నలభై సైట్లవాళ్ళకూ తవిటినాయుడు తన చేత్తో క్షమాపణ రాశాడు. వాటిలో ఒకటి బడిపిల్లల చదరంగం పోటీలది, ఒకటి తేనె అమ్ముకునే సంఘానిది. రాయడం కోసం ప్రతి సైటూ తెరవవలసి వచ్చింది. తర్వాత ఆసుపత్రికి వెళ్ళి పైడితల్లి మంచం పక్కన నిలబడ్డాడు. ఆమెకు అతనెవరో తెలియదు. "కూర్చోండి బాబూ" అంది. అతను కూర్చోలేకపోయాడు.

తిరిగి వచ్చి గోడ మీది ముగ్గు తీసేశాడు. ఆ తర్వాత ఒకరోజు హైమావతి మరో కేసు గురించి "అన్నీ చూశావా?" అని అడిగింది.

"ముప్ఫై చదివాను మేడమ్. పదకొండు ఇంకా చదవలేదు."

ఆమె ఆ ఉద్యోగంలో అంత హాయైన మాట వినలేదు.

పిల్లలూ, మీరు ఏ పనిలో ఉన్నా చూడనిదాన్ని చూశానని చెప్పకండి. ఆ చిన్న అబద్ధానికి దెబ్బ తినేది మీరు ఎన్నడూ ఎరగని మనిషి.